చేపలింట్లో పాలు

ఫిబ్రవరి 9, 1998. సోమవారం

మా అబ్బాయి మసేను పదో తరగతిలో సగం రాసి వదిలేసిన నోటుపుస్తకం ఇది. వెనకవైపు నుంచి మొదలుపెడుతున్నాను. ఎవరికీ చెప్పలేని మాట, కడుపులో ఉంచుకోలేని మాట, అందుకని రాసుకుంటున్నాను. పక్కింటి కన్నమ్మకి చెబితే సాయంత్రానికి మా పేట గోసాని నువాగాం అంతా చాటింపు అయిపోతుంది. మా ఆయనకి చెబితే "ఊఁ" అని చేపల బజారుకి వెళ్లిపోతాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో పైడన్న నాతో ఆడిన మాటలన్నీ కలిపితే ఈ పుస్తకంలో రెండు పేజీలు నిండవు.

సంగతేమిటంటే, పొద్దున్న కోడలు బుల్లమ్మ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. బొట్టుబిళ్ల తీసి గోడకి అంటించి సబ్బు రాసుకుంది. నేను చెంబు కోసం వెళ్లాను. సరిగ్గా కనుబొమల నడుమ తెల్లటి మచ్చ. కందిబద్దంత ఉంది. నన్ను చూడగానే మొహం తిప్పేసుకుంది. నేను చూశానో లేదోనని రోజంతా దొంగచూపులు చూస్తూనే ఉంది.

బొల్లి. ఆ మాట రాయడానికే చెయ్యి రాలేదు.

ఫిబ్రవరి 11

రెండు రోజులు ఆలోచించాను. ఇది పాల పనే.

చేప తిన్న నోట్లో పాలు పడితే ఒంటి మీద తెల్లమచ్చ లేస్తుందని మా రేవులో పసిపిల్లకి కూడా తెలుసు. మా ఇంట్లో పూటపూటా చేప ఉడుకుతుంది కాబట్టి పాలు గుమ్మం లోపలికి రావు. టీ అంటే అల్లం వేసిన డికాక్షనే. కాపురానికి వచ్చిన రోజునే బుల్లమ్మకి ఈ మాట చెప్పాను. బుర్ర ఊపింది.

బుర్ర ఊపితే సరా? వాళ్లు మనవాళ్లేగానీ, వాళ్ల తాత సముద్రం మీద అలిగి, ఇచ్ఛాపురం ఇవతల పల్లెకి పోయి గేదెల్ని కట్టుకున్నాడు. పాలూ పెరుగూ మధ్య పెరిగిన పిల్ల. పది నెలలుగా పాలు లేకుండా ఎలా ఉంటుంది? ఎక్కడో తాగుతోంది. మసేను ఉంటే వాడే కనిపెట్టేవాడు. వాడేమో పడమటి ఒడ్డున వేరావల్‌లో చేపల పడవ మీద. వానలకి అక్కడి పడవలు ఒడ్డెక్కితేగానీ రాడు, అంటే జూన్.

నా సంగతే తీసుకుంటే, పుట్టింది గోపాల్‌పూర్ ఒడ్డున, చేపల గంపల మధ్య. అమ్మ పోయాక ఆ ఇల్లు కూడా తుపానుకి సముద్రంలో కలిసిపోయింది. నలభై తొమ్మిదేళ్లొచ్చాయి. చేప తిన్న నాడు పాలచుక్క ముట్టి ఎరుగను. అయినా

ఇప్పుడు నా సంగతి ఎందుకు.

ఫిబ్రవరి 12

గిన్నెలన్నీ వాసన చూశాను. పాలు దొరకలేదు.

ఫిబ్రవరి 17

దొరికింది!

మధ్యాహ్నం కొట్టు మూసి కన్నమ్మ పెరటివైపు నుంచి వెళ్లాను. కొట్టంటే మా వీధి గదే. గాజులు, రిబ్బన్లు, పిన్నీసులు, బొట్టుబిళ్లలు అమ్ముతాను. పెరటి అరుగు మీద కన్నమ్మ అత్త చిట్టమ్మ, మా కోడలు, ఇద్దరూ ఒకే గ్లాసు. ముసలామె ఓ గుక్క తాగి దీనికి ఇస్తోంది.

"ఏటే అది?" అన్నాను.

"టీ అత్తా."

"ఏ టీ?"

"టీయేనత్తా." తల దించుకుంది. "పాలేసిన టీ."

"పొద్దున్న ఏటి తిన్నావు?"

"నెత్తళ్ల పులుసు."

చిట్టమ్మ నన్ను పేరు పెట్టి పిలిచి అడ్డం వచ్చింది. "ఓలమ్మ గురువా, గుంటకి తలనొప్పనీసి రెండు సుక్కలిచ్చినాను. దానికేటైపోద్దని?"

ఏమైపోతుందో నాకు తెలుసు, నీకు చెప్పను, అనుకుని కోడల్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చాను. దారిలో ఒట్టు వేసింది, అదే మొదటిసారని. దొంగకి ప్రతిసారీ మొదటిసారే.

ఫిబ్రవరి 26

పాలు మానిపించి తొమ్మిది రోజులైంది. మచ్చ తగ్గలేదు. పైగా బొట్టు అంచు దాటి తెల్లగా గీతలా కనబడుతోంది. కొట్టుకొచ్చే ఆడవాళ్ల కళ్లు ముందు నుదుటి మీదే పడతాయి. మా ఇంటి ఆడవాళ్ల నుదుళ్లే మా కొట్టుకి బోర్డు.

అందుకని పెద్ద బిళ్లలు తీసి ఇచ్చాను. దసరా ముందు నుంచి ధర్మలింగం సైకిల్ మీద తెచ్చి కొట్లకి వేస్తున్న సరుకే. ముదురు ఎరుపు మఖమలు, జిగురు ఎంత గట్టిదంటే తలంటు పోసుకున్నా ఊడదు. అంతకు ముందు తెచ్చినవి చెమటకే జారిపోయేవి. ఇవి వచ్చాక నేనూ కుంకుమ మానేశాను. రూపాయి బిళ్లంతది నా చేత్తోనే అంటించాను దానికి.

"దురదేస్తందత్తా," అంది.

"కొత్తది గదా. అలవాటవుతాది."

మార్చి 8

మచ్చ ఇంకా పెరిగింది. ముందుచూపుతో పెద్ద బొట్టు పెట్టించాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి బయటపడి ఉండేది.

దాని సబ్బు వేరు చేశాను. తువ్వాలు, దువ్వెన, కంచం కూడా. దండెం మీద దాని బట్టలు ఆ చివర, మావి ఈ చివర. ఇంకెవరికీ అంటుకోకూడదు కదా. ఏమీ అడగలేదు. కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లి తింది. తప్పు లేనిదైతే ఎందుకని నిలదీయదా?

నడవలో అద్దం కూడా తీసేసి బీరువా వెనక పెట్టాను. మా ఆయన గడ్డం గీసుకోవడానికి వెతుక్కున్నాడు.

"అద్దం ఏదే?"

"తీసేసినాను. మచ్చలు పడ్డాయి."

"బానే ఉన్నాది గదేటి."

"పాతదైపోయింది. మచ్చలున్నాయంటే ఉన్నాయి."

లేచి మంగలి దగ్గరికి వెళ్లాడు.

మార్చి 15

మూలికల కొట్లో బావంచాలు తెచ్చాను. నూరి మచ్చకి రాసి ఎండలో కూర్చోబెడితే రంగు తిరుగుతుందట. కొట్టువాడు ఒక్కరికా, ఇద్దరికా అని అడిగాడు. వాడికెందుకు ఆ ప్రశ్న? ఒక్కరికే అన్నాను.

ముందు బుల్లమ్మకి రాసి చూస్తాను. పనిచేస్తే మంచిదే కదా, ఎవరికి అవసరమైతే వాళ్లకి ఉపయోగం.

మార్చి 17

నుదురు పొక్కిపోయింది. నిన్న పది గంటల నుంచి రెండింటి దాకా మేడ మీద కూర్చోబెట్టాను. "మంటత్తా" అంటే మందు పట్టినట్టే అన్నాను. ఇవాళ బొబ్బ. నీరు కారుతోంది. కొబ్బరినూనె రాస్తే వణికింది పిల్ల.

నేను మంచికే చేశాను. ఎండ ఎక్కువైంది, అంతే.

ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను.

మార్చి 29. ఆదివారం

ఎస్టీడీ బూతుకి వెళ్లి వేరావల్ పడవ కాంట్రాక్టరు ఆఫీసుకి ఫోన్ చేశాను. మసేను దొరికాడు. చెప్పాను. మీ ఆవిడకి బొల్లి ఉంది, వాళ్లు దాచిపెట్టి పెళ్లి చేశారు, అన్నాను.

బూతులో మీటరు ఎర్ర అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత, "దానికి నొప్పుందేటమ్మా?" అన్నాడు. ముందు అడగాల్సిన మాట అదా?

"పెళ్లప్పుడే ఉందా? నువ్వు సూసేవా?"

"సూసేను," అన్నాను.

చూడలేదు.

"నాకేటి తెల్సు, నువ్వే సూసుకో అమ్మా. జూన్‌లో ఒస్తాను గదా," అని పెట్టేశాడు. సరే, నేనే చూసుకుంటాను. ప్రస్తుతానికి పిల్లని పుట్టింటికి పంపేస్తాను. వాడు వచ్చాక కులపెద్దల్లో కూర్చుని తెంచేసుకోవడమే. నా కొడుక్కి ఇరవై ఆరేళ్లు. ఇంకో పిల్ల దొరక్కపోదు.

ఏప్రిల్ 5

దాని నాన్న తవిటయ్య వచ్చాడు. నేనే కబురు పెట్టాను. మనిషి గుమ్మంలోనే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో పెరుగు ముంత. చేపలింటికి పెరుగు తెచ్చాడు చూడండి!

"సెల్లెమ్మా, పెళ్లినాడు పిల్లకి మొకాన పసుపు రాసింది నువ్వే గదా. మచ్చుంటే నీకు కనబడదా?"

"పసుపు కింద ఏటుందో ఎవులికి తెల్సన్నా?"

ఆ మాట నా నోట్లోంచి తేలిగ్గానే వచ్చింది. ఆయన మొహం చూడలేక మాత్రం పెరుగు ముంత వంక చూశాను. ఆ రోజు పసుపు రాసే ముందు నీళ్లతో ఆ నుదురు నేనే తుడిచాను. బాగా గుర్తుంది. నున్నగా ఉంది.

బుల్లమ్మ బట్టల సంచి పట్టుకుని వచ్చింది. ఏడవలేదు. నా మొహంలోకి చాలాసేపు చూసింది. నా కళ్లలోకి కాదు, కాస్త పైకి.

"అత్తా, నువ్వు..."

"ఏటి?"

"ఏటీ నేదు. రాత్రుళ్లు బొట్టు తీసి పడుకో అత్తా."

ముత్తైదువని, మొగుడు ఇంట్లో ఉండగా బొట్టు తీసి పడుకోమంటుంది. పోతూ పోతూ కూడా నాకే బుద్ధులు చెప్పింది.

ఏప్రిల్ 6

ఇల్లు ఖాళీగా ఉంది. ఉండనీ.

ఏప్రిల్ 20

కన్నమ్మ మధ్యాహ్నం కొట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఇదేదో వీధి కబురు అనుకున్నాను. బొట్టుబిళ్ల పీకి నుదురు ముందుకి పెట్టింది.

"ఓలప్పా, సూడు. ఏటిది?"

మచ్చ. బిళ్ల ఎంతో అంత, గిరిగీసినట్టు గుండ్రంగా.

"మా బుల్లమ్మ అంటించీసింది," అన్నాను. ఎంత తొందరగా అన్నానో!

కన్నమ్మ ఏడ్చింది. మొగుడికి తెలిస్తే ఏమంటాడో, కూతురికి రేపు సంబంధాలు ఎలా వస్తాయో అని. పొరపాటున కూడా ఎవరికీ చెప్పొద్దని నా చేతిలో చెయ్యి వేయించుకుంది. ఊరంతటికీ టముకు వేసే మనిషి.

సాయంత్రం కాలేజీ పిల్ల ఒకతె వచ్చింది, ఒడియావాళ్లమ్మాయి. మాకు చుట్టమూ కాదు, బుల్లమ్మ మొహం చూసి ఎరగదు. ఇంకాస్త పెద్ద బిళ్లలు కావాలంది. కొట్టు అద్దంలో చూసుకుంటూ అక్కడే మార్చుకుంది. నేను చూడనట్టు గాజులు సర్దాను.

ఏప్రిల్ 22

చిట్టమ్మకి ఎందుకు రాలేదు?

ఈ ప్రశ్న రెండు రోజులుగా నన్ను తిననివ్వడం లేదు. ఒకే గ్లాసులో తాగారు. బుల్లమ్మ రోజూ ఆ ముసలామెకి తల దువ్వేది, ఒకే చాప మీద ఇద్దరూ నడుం వాల్చేవారు. అంటుకునేదే అయితే ముందు ఆమెకే అంటుకోవాలి. ఇక పాలంటారా, చిట్టమ్మకి నెత్తళ్లు లేకుండా ముద్ద దిగదు, పాలటీ లేకుండా తెల్లారదు. డెబ్భై ఏళ్లుగా ఇదే వరస. ఇవాళ పేలు చూస్తానని వంక పెట్టి వెలుతురులో కూర్చోబెట్టి మొహమంతా చూశాను. నల్లపలకలా ఉంది నుదురు. ఒక్క మచ్చ లేదు.

కన్నమ్మ మొగుడికి లేదు. పిల్లాడికి లేదు. మా ఆయనకి లేదు.

చిట్టమ్మ మొగుడు పోయి ఇరవై ఏళ్లు. అప్పటి నుంచి ఆ నుదుట బొట్టు లేదు.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. మా అమ్మ "నీడని కూడా నమ్మవే నువ్వు" అనేది. ఇన్నాళ్లూ ఆ అనుమానంతో ఊళ్లోవాళ్లందరి గుమ్మాలూ తట్టాను. ఇవాళ కొట్లో కూర్చుని నా బీరువాలో వరసగా వేలాడుతున్న బొట్టుబిళ్లల అట్టల వంక చూశాను. చూసి తలుపు వేసేశాను.

ఏప్రిల్ 27. సోమవారం

కన్నమ్మకి తోడుగా పెద్దాసుపత్రికి వెళ్లాను. తోడుగానే.

చర్మాల డాక్టరమ్మ చిన్నపిల్ల, ఒడియా మనిషి. ముందు దూదిపింజతో మచ్చ మీద తాకించి, కళ్లు మూసుకో, తగిలినప్పుడు చెప్పు అంది. కన్నమ్మ ప్రతిసారీ చెప్పింది. "స్పర్శ ఉంది, మిగతా లక్షణాలు కూడా లేవు. కుష్ఠు కాదు," అంది. కన్నమ్మ అక్కడే ఏడ్చేసింది.

తర్వాత ఆమె చెప్పింది గుర్తున్నంత రాస్తున్నాను. చర్మానికి రంగు తయారు చేసే కణాలు ఉంటాయట. కొన్ని బొట్టుబిళ్లల జిగురులో ఒక రసాయనం ఉంటుందట. అది రోజూ తగులుతూ ఉంటే కొందరికి ఆ కణాలు చచ్చిపోతాయి. అందరికీ కాదు, వేలమంది పెట్టుకుంటారు, కొందరికే పడదు. ముందు దురద, ఆ తర్వాత తెలుపు.

"అంటుకుంటాదా?" అని అడిగింది కన్నమ్మ.

"అంటదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే తువ్వాలు వాడినా అంటదు. ఇదే కాదు, అసలు బొల్లి కూడా అంటురోగం కాదు."

"సేపా పాలూ కలిపి తింటే?"

డాక్టరమ్మ నవ్వింది. "మాది చిలికా ఒడ్డు. మా ఇంట్లో చేపల కూరతో అన్నం తిని పాల ఖీరీ తాగుతాం. ఇదిగో నా మొహం. ఎవరికైనా చేప పడకపోతే దద్దుర్లు రావచ్చు, పాలు పడకపోతే కడుపు నొప్పి రావచ్చు. మచ్చకీ ఆ రెండిటికీ సంబంధం లేదు."

అప్పుడు నేను అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"మచ్చ కనబడకుండా పెద్ద బిళ్ల పెడితే?"

"మచ్చ కూడా పెద్దదవుతుంది."

"బావంచాలు రాస్తే?"

"ఎవరు రాశారు?" అంది వెంటనే, నన్ను వాళ్ల భాషలో పిన్నీ అని పిలుస్తూ. "దాంతో ఎండలో కూర్చుంటే కాలిపోతుంది మావుసీ. ఆ వైద్యం మేమూ చేస్తాం, కానీ కొలత ఉంటుంది, నిమిషాల లెక్క ఉంటుంది. ఇంట్లో చేసేది కాదు."

కన్నమ్మకి పూత మందు రాసిచ్చింది. బిళ్లలు పూర్తిగా మానెయ్యాలి, నెలలు పడుతుంది, రంగు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, వేరే చోట మచ్చ లేస్తే వెంటనే రావాలి. అన్నీ చెప్పి, "ఏ కొట్లో కొన్నావు?" అని అడిగింది.

కన్నమ్మ నా వంక చూసింది. నా కాళ్లకింద బండ చల్లగా తగిలింది.

"సంతలో కొన్నానమ్మా. గుర్తు నేదు," అంది కన్నమ్మ.

ఆమె నోరు అదుపులో పెట్టుకోవడం ఇన్నేళ్లలో ఇదే చూడటం. లేచి వస్తూంటే డాక్టరమ్మ పిలిచింది. "మావుసీ, మీరూ అవే పెట్టుకున్నారు. తీయండి, చూస్తాను."

"నాకేం లేదు," అన్నాను. ముత్తైదువని, పదిమందిలో బొట్టు తీయనని కూడా అన్నాను. బయటికొచ్చేశాను.

ఏప్రిల్ 28

కొట్టు తీయలేదు.

మే 1

ఈ పుస్తకంలో ఒకటి రాయలేదు. రాయకపోతే లేనట్టే అనుకున్నాను.

నాకూ ఉంది. డిసెంబరులోనే వచ్చింది. బుల్లమ్మది చూసింది ఫిబ్రవరిలో. అప్పటికే నాది చింతగింజంత. పొద్దున్నే అందరికంటే ముందు లేచి మొహం కడుక్కుని, అద్దం చూడకుండా కొత్త బిళ్ల తడుముకుని అంటించుకునేదాన్ని. కోడలి నుదుట చూసిన రోజు నాకు ఏమనిపించిందో ఇప్పుడు రాస్తాను. భయం కాదు. సంతోషం. హమ్మయ్య, తప్పు దానిది, దాని నుంచే నాకు వచ్చింది, అనిపించింది. నెలలు లెక్క వేసుకుంటే కుదరదని తెలిసీ లెక్క వేసుకోలేదు. నాకు పాలు ఎక్కడివి అని నన్ను నేను అడగబోయి, ఫిబ్రవరి 11న వాక్యం మధ్యలో ఆపేశాను. ఇందాక ఆ పేజీ చదువుకున్నాను.

అంటుకుంటుందని కంచం వేరు చేశాను. బావంచాలు ముందు దాని నుదుట రాసి చూశాను. నాకు మేలు చేస్తుందో లేదో చూసుకోవడానికి ఆ పిల్ల నుదురు కాల్చాను. ఆ రోజు రాసి కొట్టేసిన వాక్యం "నయం, నేను రాసుకోలేదు."

కొడుక్కి అబద్ధం చెప్పాను. జూన్‌లో వాడొస్తే ఆ అబద్ధం మీదే పెద్దలు కూర్చుంటారు. ఆ పిల్ల కాపురం పోతుంది.

సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మే 4

ధర్మలింగం వచ్చాడు, వచ్చే నెల ఒడియావాళ్ల రొజ్జో పండగకి సరుకు మూటతో. ఆ మూడు రోజులూ ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు, కొత్త గాజులు, కొత్త బొట్లు. మా కొట్టుకి ఏడాదికంతటికీ అదే పండగ. జిగురు ఎక్కడిది అని అడిగాను.

"నాకేటి తెల్సప్పా. చుట్టలు చుట్టలు ఒస్తాది, ఇక్కడ అట్టలకి అంటిస్తారు. ఊరంతా కొంటన్నారు, నీకొక్కర్తికే ఏటొచ్చింది?"

నుదుటి బిళ్ల పీకి చూపించాను. ఏమొచ్చిందో చూడమన్నాను. మూట కట్టుకుని సైకిలెక్కాడు.

నా దగ్గరున్న అట్టలన్నీ నీళ్ల తొట్టిలో ముంచి నానబెట్టాను, ఎవరూ ఏరుకుని వాడకుండా. ఆ కాలేజీ పిల్ల వస్తే పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పాలి. వచ్చేదాకా ఆగకూడదు, ఎక్కడుంటుందో కన్నమ్మ చేత కనుక్కోవాలి. ఆ విద్య కన్నమ్మకి ఉంది.

మా ఆయన తొట్టి చూశాడు, బోసి నుదురు చూశాడు. బీరువా వెనక నుంచి అద్దం తీసి నడవలో మేకుకి తగిలించాడు.

"ఎల్లు," అన్నాడు.

"ఎక్కడికి?"

"నీకు తెల్దేటి?"

మే 7

పుస్తకం సంచిలో వేసుకుని వచ్చాను. బుల్లమ్మ వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్న ప్యాసింజరు ఎక్కాను, బొట్టు లేకుండా. ముప్ఫై ఏళ్లలో బొట్టు లేకుండా వీధి దాటడం ఇదే. ఎదురుగా కూర్చున్నావిడ కొంతసేపు చూసి, జాలిగా, "ఎన్నాళ్లైందమ్మా పోయి?" అంది. "పోలేదు. బజార్లో చేపలమ్ముతున్నాడు," అన్నాను. ఆవిడ చోటు మార్చుకుంది.

ఇక్కడ ఇంకా ఘోరం. బుల్లమ్మ అమ్మ కాసులమ్మ గేదెకి కుడితి పెడుతూ నన్ను చూసింది. బోసి నుదురు చూసి కుండ వదిలేసింది.

"ఓలమ్మో! అన్నయ్యకేటైపోనాదీ!" అని గుండెలు బాదుకుంది. చుట్టుపక్కల వాళ్లు పరిగెత్తుకొచ్చారు. తవిటయ్య పొలం నుంచి వచ్చాడు. బుల్లమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఒకందుకు మంచిదే అయింది, మళ్లీ మళ్లీ చెప్పనక్కరలేకపోయింది. అందరి ఎదురుగా నుదురు చూపించాను. ఇది నాకు ముందు వచ్చింది, కోడలికి తర్వాత వచ్చింది, రెండూ నా కొట్లో బిళ్లల వల్లే వచ్చాయి, అన్నాను. పెళ్లినాడు ఈ పిల్ల నుదురు నున్నగా ఉందని, నేనే తుడిచానని, నా కొడుకుతో అబద్ధం చెప్పానని అన్నాను. ఆదివారం బూతుకి వెళ్లి వాడికి కూడా ఇదే చెబుతానన్నాను. తవిటయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "కూకో సెల్లెమ్మా," అన్నాడు చివరికి.

వచ్చినవాళ్లు వెళ్లాక బుల్లమ్మ దగ్గరికి వచ్చింది. బొబ్బ మానింది. మచ్చ అలాగే ఉంది, చుట్టూ కాలిన నలుపు.

"నీకు నాకన్నా ముందేనని నాకు తెల్సత్తా," అంది.

"ఏటి?"

"పుష్యమాసంలోనే సూసేను. పెరట్లో బొట్టు మార్సుకుంటన్నావు. నన్ను సూడనేదు నువ్వు. నాకు ఒచ్చినప్పుడు నీకాడ నుంచే అంటుకుందనుకున్నాను. పెద్ద బిళ్లకి దురదేసినాక గాని బిళ్ల మీద అనుమానం రానేదు."

ముందు నేను అనుకున్నదే అదీ అనుకుంది. కానీ నేను దాని కంచం వేరు చేశాను. అది నాకు రోజూ అన్నం వడ్డించింది, నేను తిన్న కంచం కడిగింది.

"మరి సెప్పవేటే? నిన్ను గెంటీసినప్పుడైనా నా మొకాన అనొచ్చు గదా, నీకూ ఉన్నాదని?"

"అందామనే నోరు తెరిసేను."

"మరి?"

"అంటే నిన్నూ పంపీమంటారేమోననీసి." గేదె వైపు చూస్తూ చెప్పింది. "నాకైతే ఈ ఇల్లున్నాది. నీకు పుట్టిల్లు నేదు గదత్తా. నువ్వెక్కడికెల్తావు?"

నేను ఏడ్చాను. కొడుకుని సముద్రానికి పంపినప్పుడు కూడా అలా ఏడవలేదు. అది నా పక్కన కూర్చుంది గానీ, ఊరుకోమనలేదు. రేపు ప్యాసింజరుకి ఇద్దరం వెళ్తున్నాం. ముందు ఆసుపత్రికి, ఆ తర్వాత ఇంటికి. "ముందు నీది సూపించు, అప్పుడు నాది సూపిస్తాను," అంది. నన్ను నమ్మడానికి దానికి కొన్నాళ్లు పడుతుంది. పట్టనీ.

ఇందాక కాసులమ్మ గ్లాసుతో వేడి పాలు తెచ్చింది. ఇవ్వబోయి ఆగిపోయింది.

"వొదినా, పొద్దున్న సేప గాని తిన్నావేటి?"

"కవళ్ల పులుసు తిని బయల్దేరాను."

గ్లాసు వెనక్కి తీసుకోబోయింది. నేనే చెయ్యి చాపి అందుకున్నాను. గేదెపాలు, చిక్కగా ఉన్నాయి, కాస్త పొగ వాసన. సగం తాగి కింద పెట్టాను. మిగతా సగం బుల్లమ్మ తాగింది.